నీడ కోరే పంట, నిలకడ లేని నేల

అరకు కాఫీ దర్భా లోయ దాకా వచ్చింది. ఇంకా దక్షిణాన ఉన్న కిష్టారం వంటి పల్లెలకు దానితో ఒరిగేదేమిటి?

ఎండాకాలంలో తొలి జల్లు పడిన తొమ్మిది పది రోజులకు కాఫీ తోట ఉన్నట్టుండి తెల్లబడుతుంది. కొమ్మ పొడవునా, ఆకు మొదట్లో గుత్తులు గుత్తులుగా పూలు విచ్చుకుంటాయి. వాసన అచ్చం మల్లెపూల వాసనే. రెండు మూడు రోజుల్లో అంతా రాలిపోతుంది. ఆ వాన నాలుగు రోజులు ఆలస్యమైనా, పూత విచ్చుకున్న రోజునే కుండపోతగా కురిసినా ఆ ఏడాది పంట మీద ఆశ వదులుకోవలసిందే. ఏడాది పొడవునా పచ్చగా ఉండి, పెద్ద చెట్ల నీడ లేనిదే కుదురుగా పెరగని ఈ పొద కూర్గ్‌లోనో చిక్‌మగళూరులోనో పూస్తే అందులో విశేషమేమీ లేదు. అరకులో పూసినా ఇప్పుడెవరూ ఆశ్చర్యపోవడం లేదు. కానీ 2017 నుంచి అది ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా దర్భాలో కూడా పెరుగుతోంది.

దర్భా పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది కాఫీ కాదు. జగదల్‌పూర్ నుంచి సుక్మా వెళ్లే రోడ్డులో, దర్భాకు సమీపంలోని ఝీరమ్ ఘాటీ వద్ద 2013 మే 25న మావోయిస్టులు కాంగ్రెస్ నాయకుల వాహనశ్రేణిపై దాడి చేశారు. మహేంద్ర కర్మ, నందకుమార్ పటేల్‌తో సహా రెండు డజన్లకు పైగా మనుషులు బలయ్యారు. గాయపడిన విద్యాచరణ్ శుక్లా ఆ తర్వాత ఆసుపత్రిలో కన్నుమూశారు. నాలుగేళ్లు గడిచాక అదే దర్భాలో, జగదల్‌పూర్‌లోని ఉద్యాన కళాశాల శాస్త్రవేత్తలు 20 ఎకరాల్లో కాఫీ మొక్కలు నాటారు. 2021 నాటికి మొదటి గింజలు చేతికొచ్చాయి. అదే ఏడాది పక్కనున్న దిల్మిలీలో మరో 100 ఎకరాలకు పథకం వేశారు. రాష్ట్ర ప్రభుత్వం టీ, కాఫీలకు ప్రత్యేకంగా ఒక బోర్డు పెట్టాలని నిర్ణయించింది. ‘బస్తర్ కాఫీ’ పేరుతో పొట్లాలు వచ్చాయి, జగదల్‌పూర్‌లో ఆ పేరు మీదే కెఫే తెరుచుకుంది.

ఇదంతా వినడానికి బాగుంది. అయితే దర్భా బస్తర్ పీఠభూమి మీద ఉంది, సముద్రమట్టానికి ఆరు వందల మీటర్ల దరిదాపు ఎత్తున. అక్కడి నుంచి వందకు పైగా కిలోమీటర్లు నైరుతి దిక్కుగా, సుక్మా జిల్లా కొంటా బ్లాకులో ఉన్న కిష్టారం సంగతి వేరు. పీఠభూమి అక్కడికి దిగిపోయి గోదావరి, శబరి నదుల వైపు వాలే పల్లపు అడవిగా మారుతుంది. భద్రాచలం వైపు నుంచి వెళితే దగ్గర. ఊరి పేరే చెబుతుంది, అది తెలుగు సరిహద్దు అని. దొర్ల కోయలు, మురియాలు ఉండే ఈ ప్రాంతంలో సంతలో తెలుగు నడుస్తుంది, కొనుగోళ్లు అమ్మకాలు తెలంగాణ వైపే ఎక్కువ. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం అది రాజధాని రాయ్‌పూర్‌కు ఎంతో దూరాన ఉన్న చివరి కొస.

మిగతా దేశానికి కిష్టారం పేరు తెలిసింది 2018 మార్చి 13న. ఆ రోజు కిష్టారం, పాలోడి మధ్య మందుపాతర పేలి, మందుపాతరలను తట్టుకునేలా చేసిన వాహనమే తునాతునకలై, సీఆర్‌పీఎఫ్ 212వ బెటాలియన్‌కు చెందిన తొమ్మిది మంది జవాన్లు చనిపోయారు. అంతకు ముందు కథ ఇంకా పొడవైనది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక కొంటా ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు, కొందరు అడవి లోపలికి పోయారు, వేలాదిమంది సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ప్రత్యేక పోలీసు అధికారులుగా గిరిజన యువకులకు తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పిచ్చేనాటికి చాలా ఊళ్లలో పొలాలు తుప్పలెక్కిపోయాయి. వెళ్లినవాళ్లలో ఎందరో తిరిగి రాలేదు. తెలుగు నేల మీద వారికి గుత్తికోయలు అనే పేరు స్థిరపడింది. పోడు భూముల విషయంలో అటవీ శాఖతో తగవులూ స్థిరపడ్డాయి.

అలాంటి చోట పంట గురించి మాట్లాడాలంటే ముందు తేల్చుకోవలసింది నేల గురించి కాదు, కాలం గురించి. కాఫీ తొందరపడే పంట కాదు. విశాఖ మన్యంలో అనుసరించే పద్ధతి చూడండి. బోడి కొండ మీద మొదట నీడ కోసం సిల్వర్ ఓక్ మొక్కలు వేస్తారు. అవి రెండు మూడేళ్లు ఎదిగాక వాటి మధ్య కాఫీ మొక్క దిగుతుంది. అది కాపుకు రావడానికి మరో మూడు నాలుగేళ్లు. గట్టిగా దిగుబడి ఇవ్వడానికి ఇంకో ఏడాదో రెండేళ్లో. అంటే గుంత తవ్విన రైతు చేతికి చెప్పుకోదగ్గ డబ్బు అందేసరికి ఆ ఏడాది పుట్టిన బిడ్డ బడికి వెళుతుంటుంది. వచ్చే వర్షాకాలానికి తాను ఏ ఊళ్లో ఉంటాడో తెలియని మనిషి అంతకాలం దేని మీద నమ్మకం పెట్టుకుంటాడు?

మన్యంలో కూడా ఆ నమ్మకం ఒక్కరోజులో రాలేదు. తూర్పుగోదావరి ఏజెన్సీలో మారేడుమిల్లి దగ్గరి పాములేరు లోయలో 1898లో బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి తొలిసారి కాఫీ నాటించాడని చెబుతారు. తర్వాత అది అనంతగిరి, చింతపల్లి కొండలకు పాకింది. 1960లలో అటవీ శాఖ రిజర్వు అడవుల్లో సుమారు నాలుగు వేల హెక్టార్లలో తోటలు వేసింది. 1985లో అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. ఆ తోటల్లో గిరిజనులు కూలీలే తప్ప యజమానులు కారు. తోటలను సాగు చేసేవారికే అప్పగించాలన్న డిమాండ్ అప్పటి నుంచి ఏదో ఒక రూపంలో కొనసాగుతూనే ఉంది. మావోయిస్టులు కూడా ఆ డిమాండును ఎత్తుకున్నారు.

అసలు మలుపు తిప్పింది ఈ పెద్ద తోటలు కాదు, ఎకరం రెండెకరాల చిన్న తోటలు. గిరిజన సహకార సంస్థ, ఆ తర్వాత పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి గిరిజనుల సొంత భూముల్లో మొక్కలు వేయించాయి. పోడు కోసం ఏటా కొండకు నిప్పు పెట్టే చోట, నిప్పు పడితే చచ్చిపోయే పంట వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. బస్తర్‌కు ప్రధాన ఆదాయమైన తునికాకుకు లేత చిగురు కావాలి. అందుకోసం పొదలు నరుకుతారు, చాలాచోట్ల నిప్పూ పెడతారు. కాఫీకి కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. చెట్టు నిలబడాలి, ఆకు రాలాలి, రాలిన ఆకు కుళ్లి ఎరువు కావాలి, నిప్పు దగ్గరకు రాకూడదు. పోడు మానండి అని అటవీ అధికారులు దశాబ్దాల తరబడి చెప్పినా కాని పని కొన్ని కొండల మీద ఈ పొద చేసింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో కాఫీ విస్తీర్ణం లక్ష హెక్టార్ల దరిదాపు, దాదాపు మొత్తం మన్యంలోనే.

నీడ ఎందుకింత ముఖ్యం? అరబికా రకం కాఫీ పుట్టిల్లు ఇథియోపియా కొండల అడవి. అక్కడది పెద్ద చెట్ల కింద, వడగట్టిన వెలుగులో పెరిగే పొద. మన ఎండకు నేరుగా గురైతే మొదటి రెండు మూడేళ్లు విపరీతంగా కాస్తుంది. తర్వాత కొమ్మలు ఎండిపోయి మొక్క చతికిలబడుతుంది. నీడ మరీ చిక్కగా ఉన్నా చిక్కే, పూత తగ్గిపోతుంది, తేమ పెరిగి ఆకు కుంకుమ తెగులు పట్టుకుంటుంది. 1869 తర్వాత సిలోన్‌ను కాఫీ దేశం నుంచి టీ దేశంగా మార్చిన తెగులు ఇదే. అందుకే వానలకు ముందు నీడ చెట్ల కొమ్మలు కొంత కొట్టి వెలుగు వదలడం, వేసవికి మళ్లీ గుబురుగా ఉండేలా చూసుకోవడం కాఫీ రైతుకు తెలిసి తీరవలసిన పని. ఇందులో కొలత పుస్తకంలో దొరకదు. తోటలో నిలబడి తలెత్తి చూసి, నేల మీద పడిన వెలుగు మచ్చలను బట్టి ఏ కొమ్మ కొట్టాలో తేల్చుకుంటారు.

నీడకు మరో లెక్క కూడా ఉంది. అరబికాను నిలువునా చంపేది తెల్ల కాండం తొలుచు పురుగు. దాని పెంకు పురుగు ఎండ తగిలే కాండాన్ని వెతుక్కుని, బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు లోపలే నెలల తరబడి సొరంగాలు తొలుస్తుంది. అది పట్టిన మొక్కకు మందు లేదు, పీకి కాల్చడమే. నీడ సరిగా ఉన్న తోటలో దీని బెడద తక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను అరకు, అనంతగిరి ప్రాంతాల్లో సిల్వర్ ఓక్ చెట్లను వేలాదిగా కూల్చినప్పుడు రైతులు రెండు విధాలా నష్టపోయారు. చెట్టు మీద పడి కొన్ని కాఫీ మొక్కలు విరిగాయి, నీడ పోయి మిగిలినవి మాడాయి. ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన ఈ చెట్టు నిటారుగా, వేగంగా పెరుగుతుంది, మిరియాల తీగ పాకించడానికి అనువుగా ఉంటుంది, కలపకూ పనికొస్తుంది. అధికారులకు నచ్చడానికి ఇన్ని కారణాలున్నాయి. కానీ కొండ మొత్తం ఒకే చెట్టుతో నింపడం తెలివైన పని కాదని ఆ తుఫాను చూపించింది. పనస, మామిడి, నేరేడు వంటి చెట్లు కలిసిన తోటలో నీడా ఉంటుంది, తిండీ ఉంటుంది. నాంది ఫౌండేషన్ సహకార సంఘాల ద్వారా అరకులో పండ్ల మొక్కలను లక్షల సంఖ్యలో నాటించడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. ఆ ఖర్చును యూరప్ కంపెనీల కార్బన్ నిధి భరించింది.

ఇక్కడ బస్తర్‌కు ఒక అనుకూలత ఉంది. నీడ కోసం కొత్తగా చెట్లు పెంచి మూడేళ్లు ఎదురు చూడనక్కరలేదు. సాల, ఇప్ప, చింత, మద్ది చెట్లు ఉన్నవే. కింద తుప్పలు తీసి గుంతలు తవ్వితే చాలు. అయితే చెట్లున్న చోటు చట్టం దృష్టిలో చాలావరకు అడవి. అడవిలో కాఫీ వేయడానికి అనుమతి ఎవరివ్వాలి, వేశాక గింజ ఎవరిది? 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఉన్నవారికి జవాబు దొరుకుతుంది. ఊరు ఖాళీ చేసి పదిహేనేళ్లు పరాయి రాష్ట్రంలో గడిపినవారి దగ్గర పట్టా ఎక్కడిది? 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి తమ ఆధీనంలో ఉందని చూపించాలని చట్టం అంటుంది. అది సల్వాజుడుం మొదలైన సంవత్సరమే. ఊళ్లు వదిలి పారిపోతున్న రోజుల్లో ఎవరి ఆధీనంలో ఏ చేను ఉందో రాసిపెట్టినవాళ్లెవరు?

మన్యంలో భూమి ప్రశ్న తేలిన తీరు కూడా గమనించదగ్గది. గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించే 1970 నాటి ఒకటి బై డెబ్బై నిబంధన ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవన్న 1997 నాటి సమత తీర్పు అనంతగిరి మండలంలోని వివాదం నుంచి పుట్టింది. అయినా 2005లో జిందాల్‌తో, ఆ తర్వాత అన్‌రాక్‌తో బాక్సైట్ ఒప్పందాలు కుదిరాయి. చింతపల్లి, జెర్రెల కొండలను తవ్వుతారన్న భయం పాడేరు ఏజెన్సీని పదేళ్లకు పైగా వెంటాడింది. 2015 నవంబర్‌లో వచ్చిన జీవో 97 మీద రేగిన నిరసనకు ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2019లో కొత్త ప్రభుత్వం తవ్వకాలు ఉండవని ప్రకటించింది. ఆ ఆందోళనల్లో కాఫీ రైతుల వాదన సూటిగా ఉండేది. కొండ తవ్వితే నీళ్లు పోతాయి, చెట్లు పోతాయి, కాఫీ పోతుంది. పంట లేని కొండను ఖాళీ నేలగా చూపించడం సులువు. ఏటా డబ్బు తెచ్చే తోటను అలా చూపించడం కష్టం. ఇనుప ఖనిజం ఉన్న బస్తర్‌కు ఈ వాదన చాలా అవసరపడొచ్చు.

అరకు కాఫీకి వచ్చిన పేరు మీదే అందరి కళ్లూ ఉన్నాయి. 2017లో పారిస్‌లో దుకాణం తెరవడం, 2018లో అక్కడే బంగారు బహుమతి, 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు. 2024 జూన్‌లో ప్రధాని నరేంద్ర మోదీ తన రేడియో ప్రసంగంలో దాన్ని మెచ్చుకున్నారు, 2025లో పార్లమెంటు ప్రాంగణంలోనే అరకు కాఫీ దుకాణం వెలిసింది. కానీ పేరు వచ్చింది కాబట్టి ప్రతి రైతూ బాగుపడ్డాడనుకోవడం పొరపాటు. మన్యంలో హెక్టారు దిగుబడి కర్ణాటకతో పోలిస్తే చాలా తక్కువ. ఎరువు కొనలేక సేంద్రియంగా పండించేవారే ఎక్కువ, అదే తర్వాత గొప్పతనంగా అమ్ముడుపోతోంది. పండు కోసిన రోజునే తొక్క తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెడితే ఒక ధర. చెట్టు మీదే అడ్డదిడ్డంగా దూసి, కల్లంలో ఎండబెట్టి అమ్మితే అందులో సగం కూడా రాదు. తొక్క తీసే యంత్రం, కడగడానికి నీళ్లు, ఆరబెట్టడానికి శుభ్రమైన కల్లం ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడా అది. గిరిజన సహకార సంస్థ మెల్లగా డబ్బులిస్తుంది, షావుకారు పూతకు ముందే అప్పు ఇస్తాడు. అవసరం ఎటు నెడితే గింజ అటు పోతుంది.

అంతర్జాతీయ ధర మాట సరేసరి. 2025 ఫిబ్రవరిలో అరబికా ధర న్యూయార్క్ మార్కెట్లో పౌనుకు 4 డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. బ్రెజిల్‌లో వానలు లేకపోవడం అందుకు ముఖ్య కారణం. అక్కడ వానలు బాగా పడిన ఏడాది ఇక్కడ పాడేరు సంతలో ధర పడిపోతుంది. జొన్న, సామ, రాగి పండించిన కుటుంబం ధర లేకపోతే ఇంట్లో వండుకుంటుంది. కాఫీ గింజను వండుకోలేరు. మన్యంలో చాలా ఇళ్లలో ఇప్పటికీ కాఫీ తాగే అలవాటే లేదు. పండించిన ప్రతి గింజా అమ్ముకోవలసిందే. ఒడిశాలోని కోరాపుట్‌లో 1930లలో జైపూర్ రాజు కాఫీ వేయించాడు. 1958 నుంచి ప్రభుత్వం మాచ్‌ఖండ్ జలాశయంలో పూడిక తగ్గించడానికి అదే పొదను కొండల మీద నాటింది. అక్కడ గిరిజన రైతుకు దాని విలువ తెలిసేసరికి చాలా దశాబ్దాలు పట్టింది.

ఇక కిష్టారం. ఆ పల్లపు వేడిలో అరబికా రాదు. తక్కువ ఎత్తును, కొంచెం వేడిని తట్టుకునే రొబస్టా కూడా సాధారణంగా అయిదు వందల మీటర్ల పైనే బాగుంటుంది. దర్భాలో సాధ్యమైంది కాబట్టి బస్తర్ అంతటా కాఫీ అని వేదికల మీద చెప్పడం నాయకులకు తేలిక. పటం మీద ఎత్తులు చూసినవారెవరూ ఆ మాట అనరు. దర్భా, బాస్తానార్ కొండల మీద కాఫీ నిలదొక్కుకుంటే కొంటా పల్లపు ఊళ్లకు దక్కేది పంట కాదు, పద్ధతి. చెట్టు కొట్టకుండా చెట్టు కింద ఆదాయం తీసే పద్ధతి. పసుపు, అల్లం, మిరియం వంటివి నీడలో పండుతాయి. చింత, ఇప్ప, కరక్కాయ ఎలాగూ ఉన్నాయి. వాటిని ఊళ్లోనే శుద్ధి చేసి అమ్మే ఏర్పాటు లేకపోవడం వల్లే బస్తర్ చింతపండు పచ్చిగా, చవగ్గా బయటికి పోతోంది.

ప్రస్తుతానికి ఆ ప్రాంతపు కుటుంబాలకు నగదు చూపించేది తెలుగు నేల మీది మిరప చేలే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఖమ్మం, భద్రాచలం, ములుగు వైపు కాయ కోతకు దక్షిణ బస్తర్ నుంచి కుటుంబాలు తరలివస్తాయి. నెత్తిన ఎండ, కళ్లలో మంట. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో ములుగు వైపు మిరప చేల నుంచి కాలినడకన ఇంటికి బయల్దేరిన బీజాపూర్ జిల్లా బాలిక ఒకరు ఊరు చేరకముందే దారిలో చనిపోయింది. వయసు 12. నీడ పంట గురించిన చర్చకు అసలు కారణం ఇలాంటి ప్రయాణాలే. ఊళ్లో పని ఉంటే ఆ పిల్లలు బడిలో ఉంటారు.

2025 నవంబర్ 18న మారేడుమిల్లి అడవిలో జరిగిన ఎదురుకాల్పుల్లో మావోయిస్టు అగ్రనేత మాడ్వి హిడ్మా చనిపోయాడు. పుట్టింది సుక్మా జిల్లా పువర్తిలో. చనిపోయింది నూట ఇరవై ఏళ్ల కిందట తెలుగు నేల మీద మొదటి కాఫీ మొక్కలు నాటిన పాములేరుకు అట్టే దూరం కాని అడవిలో. ఆయుధాలు తగ్గుముఖం పట్టాక దక్షిణ బస్తర్‌లోకి రోడ్లు, సెల్ టవర్లు వేగంగా వస్తున్నాయి. రోడ్ల వెంట ఎవరు వస్తారన్నదే అక్కడి వారి సందేహం. మొక్కలు పట్టుకుని ఉద్యాన శాఖ వస్తుందా, పటాలు పట్టుకుని గనుల కంపెనీ వస్తుందా?

దర్భాలో నాటిన తొలి మొక్కలకు ఇప్పుడు కాపు బాగా వచ్చే వయసు. కాఫీ మొక్కను సరిగా కత్తిరించి, నీడ సరిచూసుకుంటే ముప్పై నలభై ఏళ్లు కాస్తుంది. కళాశాల ప్రయోగ క్షేత్రం దాటి, రైతు సొంత పట్టా భూమిలో, పక్క ఊళ్లో తొక్క తీసే యంత్రంతో, కచ్చితంగా కొనే సంస్థతో అది ఎన్ని ఎకరాలకు పాకిందన్నదే చూడవలసిన లెక్క. ఈ వర్షాకాలంలో కొత్తగా మొక్క నాటే కుటుంబం తొలి బుట్ట పండ్లు కోయడానికి ఇంకో మూడు నాలుగు వేసవులు ఆ ఊళ్లోనే ఉండాలి.